కుక్కల కాంట్రాక్టుగారికి ఒక దండం

కాంట్రాక్టుగారూ, పోలవరం నుంచి మీకు నమస్కారమండి. మీరు మనిషి కారని తెలుసు. సంతకాలూ స్టాంపులూ పడిన కాగితాల కట్ట మీరు. అయినా మా గోదావరి పట్టణాల్లో వీధికుక్కల సంగతి ఎవరు చూస్తున్నారని అడిగితే అందరూ చూపించేది మిమ్మల్నే కాబట్టి, పెద్దలకు చెల్లించే మర్యాద మీకూ చెల్లించాలి. ఇవాళ మిమ్మల్ని పొగడటానికే కూర్చున్నాను. అబద్ధం ఒక్కటీ రాయను. మీలో ఉన్న గుణాలే రాస్తాను.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది మీరు తెచ్చిన ప్రశాంతత. మీరు రాకముందు మునిసిపల్ కౌన్సిల్లో కుక్కల మాటెత్తితే రభస అయ్యేది. ఒక సభ్యురాలు లేచి, తన వార్డులో బడికెళ్ళే పిల్లను కుక్క పీకిందని చెబితే, శానిటరీ ఇన్‌స్పెక్టరు లేచి నిలబడాలి. హెల్త్ ఆఫీసరు జవాబు చెప్పాలి. కమిషనరు ఆ పిల్ల తల్లి ముఖం చూడాలి. ఇప్పుడు అజెండాలో ఒక అంశం ఉంటుంది: పట్టుకోవడం, ఆపరేషను, టీకా, తిరిగి వదలడం, మొత్తం ఏజెన్సీకి. చదువుతారు, ఆమోదిస్తారు, తర్వాతి అంశానికి వెళతారు. ఆపైన ఎన్ని కాట్లు పడినా జవాబు ఒక్కటే: కాంట్రాక్టు ఇచ్చేశాం కదండీ. సభ అంత నెమ్మదిగా సాగడానికి కారణం మీరు. ఎవరి తలా వంగకుండా కాపాడుతున్నారు.

ఇది చిన్న పని కాదు. చట్టం మీకు ఎదురు నిలబడి ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 2001లో వచ్చిన కుక్కల నిబంధనల స్థానంలో 2023 మార్చి 10న వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు, వీధికుక్కలకు ఆపరేషన్లూ టీకాలూ చేయించే పూచీ స్థానిక సంస్థదే అంటాయి. జంతు సంక్షేమ బోర్డు గుర్తించిన సంస్థ చేత పని చేయించుకోవచ్చు. పని చేసే చేతులు మారవచ్చు, పూచీ మాత్రం మారదు. అలాంటి పూచీని రెండు కవర్లలో, టెక్నికల్ బిడ్డుగా ఒకటి, ఫైనాన్షియల్ బిడ్డుగా ఒకటి పెట్టి, అందరికన్నా తక్కువ కోట్ చేసినవాడి చేతికి అందించి, మునిసిపాలిటీ చేతులు దులుపుకునేలా చేశారు. నిబంధనలు రాసినవాళ్ళు కాదన్నదాన్ని మీరు అవుననిపించారు.

ఇక మీ లెక్క. లెక్కలో మిమ్మల్ని మించినవారు లేరు. తెల్లవారుజామున వ్యాన్ వస్తుంది. వలలతో ఇద్దరు ముగ్గురు దిగుతారు. వాళ్ళను నేను నిజంగా మెచ్చుకుంటాను. ఈ మొత్తం వ్యవహారంలో కుక్క పళ్ళకు దగ్గరగా వెళ్ళేది వాళ్ళు మాత్రమే, అందరికన్నా తక్కువ జీతం వచ్చేదీ వాళ్ళకే. పట్టిన కుక్కను బోనులో వేసి కేంద్రానికి తీసుకెళతారు. మత్తిచ్చి ఆపరేషను చేస్తారు. మత్తులో ఉండగానే చెవి కొసన చిన్న గాటు పెడతారు, దూరం నుంచి చూసినా ఆపరేషను అయిన కుక్క అని తెలియడానికి. రేబిస్ టీకా వేస్తారు. కనీసం నాలుగు రోజులు ఉంచి, కుట్లు ఆరాక, ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి. చాలాచోట్ల తీసిన అవయవాలను ఫార్మలిన్‌లో దాచి, తనిఖీకి వచ్చినవాళ్ళు లెక్కపెట్టాకే బిల్లు పాసవుతుంది. కుక్కకు ఇంత అని రేటు. బిల్లు కాగితం మీద ఎక్కడా తేడా రాదు.

ఆ రేటులోనే మీ తెలివంతా ఉంది. మగకుక్క ఆపరేషను తేలిక, త్వరగా అయిపోతుంది, పుండు త్వరగా మానుతుంది. ఆడకుక్కకు పొట్ట తెరవాలి, ఎక్కువ సమయం కావాలి, ఎక్కువ జాగ్రత్త కావాలి. ఊళ్ళో కుక్కలు పెరగడమో తగ్గడమో తేలేది మాత్రం ఆడకుక్కల దగ్గర. పది మగకుక్కల్లో తొమ్మిదింటికి ఆపరేషను చేసినా మిగిలిన ఒక్కటి చాలు. రెండు నెలల గర్భం, ఏడాదికి రెండు ఈతలు. తలకు ఇంతని రేటు కట్టినప్పుడు ఏ తల సులువుగా దొరుకుతుందో అదే వలలో పడుతుంది. టీకొట్టు దగ్గర బిస్కెట్టు చూపిస్తే తోకాడిస్తూ వచ్చేదాన్ని పట్టడం సులువు. శ్మశానం వెనకో, కాలవగట్టు తుప్పల్లోనో పిల్లలు పెట్టుకుని మనిషి అలికిడికే లేచిపోయేదాన్ని పట్టాలంటే మూడు రోజులు కాపు కాయాలి. ఆ మూడు రోజులకు బిల్లులో వరస లేదు. అలా మీరు ఊరందరికీ తెలిసిన, ఎవరినీ కరవని కుక్కల చెవులకు గాట్లు పెట్టించి, సంఖ్య పూర్తిచేసి, బిల్లు పెట్టించుకున్నారు. సంఖ్యలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

మీకన్నా పెద్ద లెక్కలు కూడా దేశంలో ఉన్నాయి. 2024లో కుక్కకాట్లు 37 లక్షలు దాటాయని, అనుమానిత రేబిస్ మరణాలు 54 అని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అందులో మన ఆంధ్రప్రదేశ్ కాట్లే రెండు లక్షల నలభై వేలకు పైన. అదే దేశంలో రేబిస్‌తో ఏటా 18 వేల నుంచి 20 వేల మంది చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ రెండు అంకెల మధ్య ఉన్నవాళ్ళంతా ఎవరి పిల్లలు? పదిహేనేళ్ళ లోపువాళ్ళు ఎందరో, పేదవాళ్ళు ఎందరో. చాలామంది ఆసుపత్రిలో కూడా చనిపోరు. నీళ్ళు చూస్తే గొంతు బిగుసుకుపోయే బిడ్డను చూసి, ఇక చేయగలిగిందేమీ లేదని డాక్టరు చెబితే, ఇంటికి తీసుకెళ్ళిపోతారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికినవాళ్ళు ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఇంతటి చావును ఆపేవి కాటు పడగానే పదిహేను నిమిషాల పాటు సబ్బుతో, పారే నీటితో గాయం కడగడం, వేళకు టీకాలు, చర్మం తెగిన గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్, అన్నిటికన్నా ముందు కుక్కలకే టీకా. మన పల్లెల్లో ఇప్పటికీ గాయానికి కారం అద్దేవాళ్ళున్నారు, పసరు పిండేవాళ్ళున్నారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారన్న భయం ఇంకా పోలేదు. ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004 డిసెంబరుతోనే ఆగిపోయింది. ఇప్పుడు వేసేది జబ్బకు. ఆ ఒక్క మాట ఇంటింటికీ చెప్పే పని మీ షరతుల్లో రాయలేదు. రాయని పని మీరు చేయరు. ఆ నిజాయితీ మీకుంది.

కాలనియమంలో కూడా మీరు గట్టివారు. మార్చి నెలాఖరుకు బడ్జెట్ ముగిస్తే మీరూ ముగుస్తారు. కొత్త టెండరు పిలిచి, బిడ్లు తెరిచి, ఎవరో కోర్టుకెళ్ళి, మళ్ళీ పిలిచి, వర్క్ ఆర్డరు ఇచ్చేసరికి వానాకాలం వెళ్ళిపోతుంది. ఈలోగా ఆపరేషను కేంద్రంలో బోనులు ఖాళీగా ఉంటాయి. కుక్కలకు ఆర్థిక సంవత్సరం తెలియదు, ఈనుతూనే ఉంటాయి. రేబిస్‌ను ఆపాలంటే ఒక ప్రాంతంలో నూటికి డెబ్బై కుక్కలకు టీకా పడాలని, చచ్చేవి చస్తూ కొత్తవి పుడుతూ ఉంటాయి కాబట్టి ఏటా మళ్ళీ వేయాలని శాస్త్రం. ఆరు నెలలు ఆగితే అంతకుముందు చేసినదాంట్లో చాలా భాగం కరిగిపోతుంది. అయినా మీరు గడువు దాటి ఒక్క రోజు కూడా నిలబడలేదు.

మీ తోబుట్టువును కూడా పొగడాలి, చెత్త కాంట్రాక్టును. మీరిద్దరూ ఒకే కౌన్సిల్ ఇంట్లో పుట్టి ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా బతుకుతున్నారు. ఊళ్ళో కుక్కలు ఎన్ని ఉండాలన్నది మీ వలలు తేల్చవు, తిండి తేలుస్తుంది. ఆదివారం మధ్యాహ్నం కోడిమాంసం కొట్ల వెనక గుట్టపడే పేగులూ తోళ్ళూ, చేపల బజారులో పొలుసు గంప పక్కన పారేసిన తలకాయలూ, ఫంక్షన్ హాలు గోడ అవతల పారబోసిన విస్తళ్ళూ. కార్తీకంలో పాపికొండల పడవలెక్కే జనం తిని వదిలే పొట్లాలు సరేసరి. ఆ కుప్ప రోజూ అదే చోట పడుతున్నంత కాలం అక్కడ గుంపు కడుతుంది, గుంపులోనే కుక్క కుక్కలా కాక వేటజంతువులా మారుతుంది. మీ వ్యాన్ వచ్చి గుంపులో నాలుగింటిని తీసుకెళుతుంది. చెత్త ట్రాక్టరు రాదు. ఎవరి పద్దు వారిది, ఎవరి బిల్లు వారిది. ఒకరి పద్దులోకి ఒకరు చేయి పెట్టని ఇంత క్రమశిక్షణ అన్నదమ్ముల్లో కూడా చూడం.

మీ చేయి ఎంత బలమైనదో తెలియాలంటే మా పక్కనే చూడాలి. లింగపాలెం మాకు దూరమేమీ కాదు. 2021 జులైలో, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో, అక్కడ మూడు వందలకు పైగా వీధికుక్కలను విషపు సూదులతో చంపి గోతిలో పూడ్చారని జంతు సంరక్షకులు ధర్మాజీగూడెం పోలీసులకు ఫిర్యాదు చేశారు. పంచాయతీయే కుక్కలు పట్టేవాళ్ళను రప్పించి చేయించిందన్న ఆరోపణ దేశమంతా పత్రికల్లో వచ్చింది. ఆ ఆరోపణ నిజమైతే, అక్కడ మీకు టెండరు కాగితం కూడా అక్కర్లేకపోయింది. ‘ఊళ్ళో కుక్క కనపడకూడదు’ అన్న నోటిమాట చాలు. ఏం కొంటున్నామో ఊరు అడగలేదు, ఎలా తెచ్చారో మీరు చెప్పలేదు. ఇంత తేలిగ్గా కుదిరే ఒప్పందం మరొకటి ఉండదు.

చంపితే తగ్గుతాయా అంటే, ఆ ప్రయోగం మనవాళ్ళు ఎప్పుడో చేసి చూశారు. మన తాతల కాలపు రాజధాని మద్రాసులో కార్పొరేషను పంతొమ్మిదో శతాబ్దం నుంచీ కుక్కలను పట్టి చంపుతూనే వచ్చింది. 1964 నుంచి జంతు సంరక్షణ సంస్థ బ్లూక్రాస్ వాళ్ళు వద్దు మొర్రో అంటున్నా, 1996 దాకా నగరమంతటా ఆ పద్ధతి ఆగలేదు. వందేళ్ళు దాటి చంపినా కుక్కలు అయిపోలేదు, రేబిస్ అయిపోలేదు. చంపిన కుక్క వదిలిన వీధిలోకి పక్క వీధి కుక్క వస్తుంది, దానికి టీకా పడి ఉండదు. లింగపాలెం గోతిలోకి వెళ్ళినవాటిలో తోటల్లో కాపలా తిరిగేవి ఎన్నో, పిల్లలు పేర్లు పెట్టుకున్నవి ఎన్నో, నాకు తలుచుకుంటేనే చేయి ఆడటం లేదు.

రాజమహేంద్రవరంలో కూర్చుని నన్నయగారు తెలుగు చేసిన మహాభారతం మొదట్లోనే సరమ కథ ఉంది. జనమేజయుడి యజ్ఞశాల దగ్గర ఆడుకుంటున్న కుక్కపిల్లను ఏ తప్పూ లేకుండా రాజు తమ్ముళ్ళు కొట్టారు. తల్లికుక్క సరమ తిన్నగా రాజు దగ్గరకే వచ్చి నిలదీసింది. అనుకోని భయాలు వచ్చిపడతాయని హెచ్చరించి వెళ్ళింది. రాజు కలతపడి తగిన పురోహితుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాడు. కొట్టింది తను కాదు, అయినా జవాబు తనదేనని ఆ రాజుకు తోచింది. కాంట్రాక్టుగారూ, మీరు ఆ రోజుల్లో ఉండి ఉంటే ఆయనకు ఆ కలత కూడా ఉండేది కాదు.

కలత పడాల్సిన రోజులు మాకు చాలా వచ్చాయి. 2023 ఫిబ్రవరి 19న హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లవాణ్ణి కుక్కలు చంపేశాయి. తండ్రి వాచ్‌మన్, పనిచేసే చోటికి కొడుకును వెంట తీసుకెళ్ళాడు. ఆ సీసీ కెమెరా దృశ్యం చూసినవాళ్ళెవరూ ఆ రాత్రి నిద్రపోయి ఉండరు. కుక్కలను ప్రేమించేవాళ్ళం ఆ బిడ్డ గురించి మాట్లాడకుండా దాటిపోవడం పాపం. ఆ బిడ్డ పేరు చెప్పి కుక్కలన్నిటినీ చంపమనడం మరో బిడ్డను కాపాడదు. ఈ రెండు మాటలూ ఒకే నోటితో అనగలిగిన మనిషి ప్రతి మునిసిపాలిటీలో ఒక్కరు ఉండాలి. ఆ మనిషి కుర్చీలో మీరు కూర్చున్నారు.

సుప్రీంకోర్టు కూడా మీ బలం చూసింది. 2025 ఆగస్టు 11న ఢిల్లీలోనూ చుట్టుపక్కలా ఉన్న వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమంది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించి, ఆపరేషనూ టీకా అయ్యాక పట్టినచోటే వదలాలని, రేబిస్ ఉన్నవాటినీ మనుషుల మీద పడేవాటినీ మాత్రం వదలవద్దని చెప్పి, విషయాన్ని అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. ఏం చేశారో చెప్పమంటే అక్టోబరు 27 నాటికి అఫిడవిట్ వేసిన రాష్ట్రాలు తెలంగాణ, పశ్చిమ బెంగాల్ రెండే. మిగతా రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులను స్వయంగా రమ్మంది. వాటిలో మనదీ ఉంది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కలను తీసేసి షెల్టర్లకు చేర్చమని మరో ఆదేశం. కాగితాలు ఊరికే పంపడానికి అలవాటుపడిన పాలనను న్యాయస్థానం పేరు పెట్టి పిలవాల్సి వచ్చిందంటే, అంతకాలం వాళ్ళను ఎవరి కంటా పడకుండా దాచగలిగారన్నమాట మీరు. ఇక షెల్టర్ల టెండర్లు వస్తాయి. వాటిలో మీరే ఉంటారు.

పని బయటివాళ్ళకు ఇవ్వడమే తప్పని నేను అనడం లేదు. గోవా ప్రభుత్వం 2014 నుంచి మిషన్ రేబిస్ సంస్థతో కలిసి పనిచేసింది. అక్కడ లెక్క ఎన్ని కుక్కలను పట్టారన్నది కాదు. ఏ వాడలో నూటికి ఎన్నిటికి టీకా పడిందో ఫోన్‌లో గుర్తు పెట్టుకుంటూ, మిగిలిన వాడకు మర్నాడు వెళ్ళారు. బడుల్లో పిల్లలకు పాఠం చెప్పారు. అనుమానం ఉన్న కుక్క కనపడిందని ఫోన్ వస్తే వెంటనే కదిలారు. 2018 నుంచి కొన్నేళ్ళు అక్కడ మనుషుల్లో రేబిస్ చావు నమోదు కాలేదు. భూటాన్ 2009లో బయటి సంస్థ సాయంతో మొదలుపెట్టి, పని నేర్చుకుని, 2023 అక్టోబరు నాటికి వీధికుక్కలన్నిటికీ ఆపరేషన్లు పూర్తిచేశామని ప్రకటించింది. అక్కడా కాగితాలున్నాయి, సంతకాలున్నాయి. ఆ కాగితాల వెనక ప్రభుత్వం నిలబడి ఉంది. ఇక్కడ కాగితాల వెనక ప్రభుత్వం దాక్కుంది.

మా పోలవరం మీద మీకున్న దయ మరీ గొప్పది. మాది గ్రామ పంచాయతీ. ఆపరేషను థియేటరు, బోనులు, వ్యాను ఉన్న కేంద్రం పెట్టేంత కుక్కలు మా దగ్గర లేవు, మా పంచాయతీ దగ్గర డబ్బూ లేదు. కాబట్టి ఏ ఏజెన్సీ మా దారి పట్టదు. మీరు రాని ఊరికి మిగిలేవి రెండే దారులు: ఏమీ చేయకపోవడం, లేదా లింగపాలెం. పోలవరం ప్రాజెక్టు ముంపు ఊళ్ళు ఖాళీ అయినప్పుడు పునరావాసపు జాబితాల్లో పశువుల పాకకు కూడా సాయం రాశారు గానీ, ఆ పాక ముందు పడుకున్న కుక్కకు ఎక్కడా వరస లేదు.

అలాంటి పాకల్లోకే ఆరు నెలలకోసారి పశుసంవర్ధక శాఖవాళ్ళు వస్తారు. ఐస్ బాక్సు దించుతారు. గేదెను గుంజకు కట్టించి గాలికుంటు టీకా వేస్తారు. చెవికి పసుపు పచ్చ బిళ్ళ, దాని మీద పన్నెండు అంకెలు. ఆ నంబరు ఫోన్‌లో ఎక్కిస్తారు. కొండవాలు గూడెంలో ఉన్న ఒక్క దూడను కూడా వదలరు. ఆ శాఖ మనిషి పని చూస్తూ కుక్క నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉంటుంది. అదే ఐస్ బాక్సులో రేబిస్ టీకా ఉంటే, ఆ ఇంటి పిల్లవాడు కుక్క మెడ పట్టుకుంటే, అర నిమిషం పని. వల అక్కర్లేదు, వ్యాను అక్కర్లేదు. మీ అక్కరా లేదు. ఆపరేషన్లకు జంగారెడ్డిగూడెంలోనో కొవ్వూరులోనో చుట్టుపక్కల మండలాలన్నిటికీ కలిపి ఒక కేంద్రం, దానికి మార్చితో ముగిసిపోని జీతంతో ఒక పశువైద్యుడు ఉంటే చాలు.

అందుకని, వచ్చే టెండరు రాయబోయే అధికారులకూ చైర్మన్లకూ సర్పంచులకూ ఒక్క షరతు కోసం మీ ద్వారా దండం పెడుతున్నాను. ఊళ్ళో ఆడకుక్కలెన్ని, వాటిలో ఎన్నిటికి ఆపరేషను అయింది, మొత్తం కుక్కల్లో నూటికి ఎన్నిటికి ఈ ఏడాది టీకా పడింది, ఎంతమందిని కరిచాయి, వాళ్ళలో ఎందరికి టీకాలు పూర్తయ్యాయి, ఇవన్నీ మూడు నెలలకోసారి కౌన్సిల్లోనో గ్రామసభలోనో లేచి చదవాలి. చదివేది ఏజెన్సీ మనిషి కాదు, మా ఊరి జీతం తీసుకునే ఉద్యోగి కావాలి. ఆ ఉద్యోగి పేరు మీ మొదటి పేజీలో, మీ పేరు కన్నా పైన రాయాలి.